అక్క అరువిచ్చిన చెయ్యి

క్రేన్ వాగు చర్చి మెట్లెక్కిన వరదకు మరుసటి ఏడు ఇది జరిగింది. ఆ వరదలో నా ఇల్లు పోయింది. పొయ్యి గొట్టంతో సహా పోయింది. మూడు మలుపుల కింద చెట్టు కొమ్మల్లో నా వీధి తలుపు ఒక్కటి దొరికింది. దాన్ని తెచ్చి అక్క కోళ్ల గూటికి పెట్టాను. అప్పటినుంచీ అక్క ఇంట్లోనే ఉంటున్నాను. అక్క పేరు వెర్డీ. నాకంటే మూడేళ్లు పెద్ద. మా లోయలో ఆమెను అక్క అననివాళ్లు అత్త అంటారు.

వరద తీశాక మాకు మిగిలినవాటిలో క్లినిక్ ఒకటి. అది నడిచే పాత బడి గట్టు మీద ఉంది కాబట్టి దాన్ని వాగు అందుకోలేకపోయింది. రెండు గదులు, ఒక హీటరు. డాక్టరు నెలకోసారి వస్తాడు, అదీ రోడ్డు బాగుంటే. మిగతా రోజులన్నీ నర్సు ట్విలాయే చూసుకుంటుంది. ట్విలా పక్క లోయ పిల్ల. వాళ్ల తాతా నేనూ ఒకే గనిలోకి దిగేవాళ్లం. వరద వారంలో వంతెన లేకపోతే ఆ పిల్ల నడుముకు తాడు కట్టుకుని వాగు దాటి షుగరు ఇంజెక్షన్లు తెచ్చింది. నా కళ్లతో చూశాను. తాడు రెండో కొస నా చేతిలోనే ఉంది.

ఆ ఏడు అక్టోబరులో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో అందరం తినడానికి కూర్చున్నాం. ట్విలా లేచి నిలబడింది.

"తినండి, తింటూనే వినండి" అంది. "మన బీమా కంపెనీవాళ్లు ప్రతి క్లినిక్‌కీ మార్కులు వేస్తారు. షుగరున్నవాళ్లలో ఎంతమంది కళ్లు చూపించుకున్నారు, బీపీ ఎంతమందికి అదుపులో ఉంది, ఇట్లాంటివన్నీ. ఆ లెక్క ఏటేటా మనం పంపాలి. కిందటేడు వరదని చెప్పి వదిలేశారు. ఈ ఏడు వదలరు."

"వదలకపోతే ఏం చేస్తారంట?" అన్నాడు బర్ల్. బర్ల్ లోయ కొసన ఉంటాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం లేనిదే నాలుగడుగులు వెయ్యలేడు. మాట్లాడటానికి మాత్రం ఊపిరి ఉంటుంది.

"మిగతావన్నీ గట్టెక్కాయి. బీపీ దగ్గరే తక్కువ పడుతున్నాం. బీపీ ఉన్నవాళ్లలో సగం కంటే ఎక్కువమందికి పైది నూట నలభై లోపూ కిందది తొంభై లోపూ ఉండాలి. లేకపోతే ఎండాకాలం రాకముందే ఈ క్లినిక్ ఎత్తేసి టౌను క్లినిక్‌లో కలుపుతారు."

తినేవాళ్లు తినడం ఆపారు. టౌనంటే కొండ రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. చలికాలంలో మంచు పేరుకుంటే అదీ లేదు. మాలో సగం మంది బండి నడపడం మానేశారు. మిగతా సగాన్ని మానెయ్యమని పిల్లలు పోరుతున్నారు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకోండి" అంది ట్విలా. "ఏడాదిలో ఆఖరిసారి చూసిన అంకే లెక్కలోకొస్తుంది. అంతకుముందు ఎంతున్నా ఫరవాలేదు. అసలు చూపించుకోలేదనుకోండి, ఎక్కువున్నట్టే రాసుకుంటారు."

"అంటే నేను ఇంట్లో కదలకుండా కూర్చున్నా నాకు బీపీ ఎక్కువని రాసేసుకుంటారా?" అంది ఓమా. ఓమా మా అక్క పక్కింటావిడ.

"అవును పిన్నీ."

"నా మొహం చూడకుండానే?"

"చూడకుండానే."

"మా ఆయనా అంతే. నా మొహం చూడకుండానే నా గురించి అన్నీ చెప్పేవాడు" అంది ఓమా. అందరూ నవ్వారు. ట్విలా కూడా నవ్వింది కానీ, కూర్చున్నాక తన పళ్లెం ముట్టుకోలేదు. క్లినిక్ పోతే ఆ పిల్లకు టౌనులో ఇంతకంటే మంచి ఉద్యోగమే దొరుకుతుంది. ఆ సంగతి మాకూ తెలుసు. తనకు కావలసింది ఈ రెండు గదులేనని కూడా తెలుసు.

ఆ రోజే బీపీ ఉన్నవాళ్లందరికీ తలా ఒక మిషన్ ఇచ్చింది. అడుగున ఎవరి పేరు వాళ్లకు అంటించి ఉంది. పట్టీ చేతికి చుట్టుకుని మీట నొక్కితే చాలు. అంకె దానంతటదే క్లినిక్ కంప్యూటర్లోకి పోతుంది.

మూడు రోజులు తిరక్కుండానే ఓమా మా వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో రొట్టె సంచి, సంచిలో మిషన్.

"వెర్డీ, నూట అరవై ఎనిమిదంటోంది ఇది."

"ఉప్పు మాంసం మానమని ఆ పిల్ల చెప్పిందిగా."

"మానతాను. మాత్రలు కూడా వేసుకుంటాను. అవి పనిచేసేదాకా ఆ అంకె అక్కడే కూర్చుని ఉంటుందే. ట్విలా పరువేంగాను? నీ చెయ్యి ఒకసారి ఇస్తావా?"

మా అక్క ఆపిల్ పళ్లు చెక్కుతోంది, ఎండబెట్టడానికి. కత్తి కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి బల్ల మీద చాపింది. అంతే.

బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మా లోయలో ఒక వస్తువు అడిగితే లేదనడం అలవాటు లేదు. నిచ్చెన అరువిస్తాం, రంపం అరువిస్తాం, చావుకు వేసుకెళ్లే నల్లకోటు అరువిస్తాం. వరద తర్వాత ఒకే బూట్ల జత ముగ్గురి పెళ్లిళ్లకు నడిచింది. చెయ్యి అరువివ్వడం అందులో కలిసిపోయింది. ఎవరూ దాన్ని అబద్ధమనుకోలేదు. ట్విలా కోసం చేస్తున్న సాయమనుకున్నారు.

అక్క చెయ్యే ఎందుకంటే దానికో కారణముంది. ఆ వసంతంలో క్లినిక్‌లో అందరి ముందూ ట్విలా అక్క బీపీ చూసి, "నూట పద్దెనిమిది, డెబ్బై రెండు. పెళ్లికూతురి బీపీ ఇది అత్తా" అంది. ఆ మాట తర్వాత మా అక్క నెల రోజులు నడుం నిటారుగా పెట్టుకుని నడిచింది.

ఓమా చెప్పింది ఒక్కరికే. ఆ ఒక్కరూ ఇంకొకరికి. నవంబరు వచ్చేసరికి మా వంటింట్లోకి మిషన్లు వరస కట్టాయి. ఒకరు గుడ్ల బుట్టలో తెచ్చారు, ఒకరు పిల్లకాయ బూట్ల పెట్టెలో. అక్క చిక్కుడు గింజలు కలుపుతూ కొన్ని కట్టుకుంది, ఉతికిన బట్టలు మడిచేటప్పుడు కొన్ని. వచ్చినవాళ్లు వట్టి చేతులతో రారు కదా, పచ్చడి సీసాలతో అల్మరా నిండిపోయింది. నా మిషన్ కూడా, "ఇటివ్వు, నువ్వెప్పుడు చూసుకుంటావు గనక" అని లాక్కుని తన చేతికే కట్టుకుంది. నేనేమీ అనలేదు. నాకు మాట్లాడటం తక్కువని అందరికీ తెలుసు.

ఒకటి మాత్రం ఉంది. అక్క చేతికి కట్టినప్పుడు అంకెల పక్కన చిన్న గుండె బొమ్మ వెలిగి ఆరుతుండేది. ఓమా చేతికి అది రాలేదు. అక్క చేతికి ఏ మిషన్ కట్టినా వస్తుంది.

"బళ్లో బాగా చదివినవాళ్లకు కాగితం మీద నక్షత్రం అంటించేవాళ్లే, అట్లాంటిది" అంది ఓమా. "మిషన్‌కే నచ్చింది నీ బీపీ."

"నాకు చదువులో ఒక్క నక్షత్రం రాలేదు" అంది అక్క. "ఇప్పుడొచ్చింది, చూడు." నావైపు తిరిగి, "నీకైతే ఇప్పటికీ రాదురా" అంది.

మిషన్‌తో పాటు ఇచ్చిన పుస్తకంలో ఆ బొమ్మ గురించి రాసే ఉంటుంది. ఓమా దాన్ని మడిచి, గాలికి కొట్టుకునే కిటికీ సందులో పెట్టింది. మా ఇంట్లోది ఎక్కడుందో తెలీదు.

బర్ల్ ఒక్కడే రాలేదు. "నా చెయ్యి నాకుంది. పనికిరానిదైనా నాదే" అన్నాడట. తన చేతికీ కట్టుకోలేదు. మిషన్ పెట్టెలోంచి కూడా తియ్యలేదు.

చలి ముదిరాక అక్క నీళ్ల బకెట్టు తెస్తూ గేటు దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఏంటని చూస్తే, "మబ్బు చూస్తున్నాను" అనేది. మబ్బు లేని రోజున కూడా ఆగింది. నేను వెళ్లి బకెట్టు అందుకున్నాను. ఇదివరకైతే ఇచ్చేది కాదు. అప్పుడు ఇచ్చేసింది.

క్రిస్మస్ అయిపోయింది. ఇంకో రోజుతో ఏడాది అయిపోతుందనగా, మధ్యాహ్నం ట్విలా కారు మా గేటు ముందు ఆగింది. బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చింది. ఓమా కేకు గిన్నె తిరిగివ్వడానికొచ్చి, ఎప్పటిలాగే కూర్చుండిపోయింది. అక్క పొయ్యి దగ్గరుంది.

"కాఫీ తాగుతావా పిల్లా?"

"ఏడిళ్లలో తాగొచ్చానత్తా. ఇంక పట్టదు." ట్విలా కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుంది. "ఏడిళ్లలోనూ కాఫీ ఇచ్చారు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు."

"ఏం అడిగావేంటి?"

"చెబుతాను. నిన్న లెక్క పంపబోతూ ఒక్కసారి చూసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చూడగానే ప్రాణం లేచొచ్చింది. లోయ మొత్తం నూట ఇరవై లోపే. ఆహా, నా మాట ఇంతమంది విన్నారే అనుకున్నాను. మా అమ్మకు ఫోన్ చేసి కూడా చెప్పుకున్నాను."

ఓమా ముసిముసిగా నవ్వింది.

"అప్పుడు చూశాను, ప్రతి అంకె పక్కనా ఒకటే గుర్తు. చిన్న గుండె బొమ్మ. అందరికీ."

"అది మంచి మార్కే కదా" అంది ఓమా. అనేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ట్విలా ఆమెవైపు చూసింది. కోపంగా చూడలేదు. "కాదు పిన్నీ. గుండె తాళం తప్పి కొట్టుకుంటోందని ఆ గుర్తు. ఇంతమందికి ఒకేసారి తప్పదు. ఇవన్నీ ఒకే గుండె."

పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. అక్క గరిట తిప్పడం ఆపలేదు.

"ఆ మిషన్లు ఎక్కడో సముద్రం అవతల చేసినవి" అంది అటువైపు తిరిగే. "నమ్మడానికి లేదు."

"అన్నీ కలిసి ఒకేలా పాడవవత్తా." ట్విలా గొంతు తగ్గించింది. "ఎవరు ఎవరి చెయ్యి వాడుకున్నారో నాకక్కర్లేదు. ఎవరినీ తిట్టడానికి రాలేదు. గుండె అట్లా కొట్టుకుంటే లోపల నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డ తలకెక్కితే మనిషి నిలబడ్డచోటే కూలిపోవచ్చు. లేచినా మాట రాదు. మాత్రతో ఆపగలిగిన జబ్బిది. ఎవరి గుండో తెలిస్తే చాలు. ఆ చెయ్యి ఎవరిది?"

ఓమా నేలకేసి చూస్తోంది. ఆమె చెప్పదు. లోయలో ఎవరూ చెప్పరు. పొరుగువాళ్ల మాట బయటపెట్టడం మాకు రాదు. పైగా చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ట్విలాకూ తెలుసు. "చెబితే ఆ అంకెలన్నీ నేను కొట్టేయాలి" అంది. "కొట్టేస్తాను. అప్పుడు క్లినిక్ ఉంటుందో ఉండదో నేను చెప్పలేను. తెలిసే అడుగుతున్నాను."

అక్క అప్పుడు వెనక్కి తిరిగి నావైపు చూసింది. చిన్నప్పుడు నాన్న బెల్టు తీసినప్పుడు కూడా ఇట్లాగే చూసేది. నోరు మూసుకో, నేను చూసుకుంటాను అని. ప్రతిసారీ మూసుకున్నాను. ప్రతిసారీ ఆమే చూసుకుంది.

"అక్కదే" అన్నాను. "ఎడమ చెయ్యి."

గరిట గిన్నెలో పడింది.

"ఎనభై ఏళ్లు" అంది అక్క. "ఎనభై ఏళ్లు వీడి నోట్లోంచి ఒక్క మాట రావాలని ఎదురుచూశాను. పెళ్లి చేసుకుంటానని పిల్లకు చెప్పడానికి నోరు రాలేదు, నేను పోయి అడిగొచ్చాను. గని మూసేశారని చెప్పడానికి రాలేదు, పేపర్లో చూశాను. ఇవాళ వచ్చింది. నా మీదే వచ్చింది."

"గేటు దగ్గర ఆగుతోంది" అన్నాను ట్విలాతో. "బకెట్టు ఇచ్చేస్తోంది."

"ఇంక చాల్లేరా, ఆపు."

ట్విలా లేచి వెళ్లి అక్క మణికట్టు పట్టుకుంది. తర్వాత కోటు జేబులోంచి గొట్టం తీసి గుండె మీద పెట్టి విన్నది. చాలాసేపు విన్నది. అక్క పైకప్పుకేసి చూస్తూ నిలబడింది. బూజు కనబడిందేమో, కనుబొమలు ముడేసింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అత్తా?"

"ఈ వయసులో రాక, ఎగురుతానా?"

"ఇవాళే ఆసుపత్రికి పోదాం. ఇప్పుడే. నా కార్లో."

"పొయ్యి మీద చిక్కుళ్లున్నాయి."

"నేను దించుతాను" అంది ఓమా. అప్పటికే ఆమె ఏడుస్తోంది. "నేనే మొదట అడిగాను. నావల్లే."

"నోర్మూసుకో ఓమా. నువ్వడక్కపోతే ఈ సంగతి తెలిసేదే కాదు. అంతేనా పిల్లా?"

"అంతే అత్తా" అంది ట్విలా. "మీకు బీపీ లేదు కాబట్టి మీకు మిషనే ఇవ్వలేదు. మళ్లీ ఏప్రిల్ పరీక్ష దాకా నేనూ చూసేదాన్ని కాదు."

అక్క కుర్చీలో కూలబడింది. అప్పుడు మొహం మారింది. నా పక్కన కూర్చున్నప్పుడు చూశాను, ఆమె దిగులు గుండె గురించి కాదు.

"మరి వీళ్లందరి గతేంటి?" అంది. "ఓమా టౌనుకెట్లా పోతుంది? బర్ల్‌ను ఎవరు మోస్తారు? ఈ చేతి మీదే నిలబెడదామనుకున్నానే ఆ క్లినిక్‌ను."

"దాని సంగతి నాకొదిలెయ్యండి" అంది ట్విలా. అన్నదే గానీ, అక్క బూట్లు తొడగడానికి వంగినప్పుడు లేసు ముడి రెండుసార్లు జారిపోయింది.

ఆసుపత్రిలో వాళ్లు అక్కకు ఒంటినిండా తీగలు అంటించారు. డాక్టరు కుర్రాడు మంచివాడు. ట్విలా చెప్పిందే ఆయనా చెప్పాడు. నెత్తురు పలచబడే మందు వాడాలి, ఒకటి రెండు రోజులు ఇక్కడే ఉండాలి, ఇప్పుడు తేవడం మంచిదయింది అన్నాడు. ఎట్లా కనిపెట్టారని అడిగాడు. ట్విలా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. "క్లినిక్ లెక్కల్లో దొరికింది" అంది ట్విలా.

తర్వాత వరండాలోకెళ్లి బీమా కంపెనీవాళ్లకు ఫోన్ చేసింది. నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను, అన్నీ వినపడ్డాయి.

"కొట్టెయ్యండి. అన్నీ. కాదు, మిషన్లు బాగానే ఉన్నాయి. ఆ చేతులు వాళ్లవి కావు." కాసేపు విన్నది. "నాకు తెలుసు. మా లెక్క ఎక్కడికి పోతుందో నాకు తెలుసండీ. అయినా కొట్టెయ్యండి."

వచ్చి నా పక్కన కూర్చుంది. వరండాలో డబ్బులేస్తే తిండి ఇచ్చే పెట్టెలోంచి కొన్న బిస్కెట్ల పొట్లం చింపి సగం నాకిచ్చింది.

"రేపు సాయంత్రం లోపు మళ్లీ చూసి పంపితే తీసుకుంటారట మామా. క్లినిక్‌లో, నా చేత్తో చూసినవే."

"దిగి ఉంటాయంటావా?" అన్నాను.

"ఏం చెప్పను? మూడు నెలలుగా మాత్రలిస్తున్నాను. వేసుకున్నారో, ఊరగాయ సీసాల వెనక దాచుకున్నారో. ఒక్కరైనా తమ సొంత చెయ్యి నాకు చూపిస్తే కదా."

లోపలికి వెళ్లాను. అక్క తెల్ల గౌనులో చిన్నగా కనబడింది. జుట్టు విప్పేశారు. అంత జుట్టు ఉందని నేనెప్పుడో మర్చిపోయాను.

"స్వెటరు అట్లా ఉండ చుట్టి పెట్టకు, మడత పెట్టు" అంది. మడత పెట్టాను. "రేపు పొద్దున్నే అందర్నీ క్లినిక్‌కు తోలుకెళ్లు. ఎవరి చెయ్యి వాళ్లు తెచ్చుకోమను."

"నేనా?"

"నువ్వే. ఫోన్లు ఎవరూ ఎత్తరు, సిగ్గుపడి దాక్కుంటారు. ఇంటింటికీ పోయి చెప్పాలి. ఇవాళ నీ నోరు తెరుచుకుంది కదా, మళ్లీ మూసుకుపోయేలోపు వాడుకో."

నేను లేవబోతుంటే స్వెటరు చేతిని పట్టుకుంది. స్వెటరు నా చేతిలోనే ఉంది కాబట్టి నన్ను పట్టుకున్నట్టే. "బాగానే చెప్పావులే" అంది. తర్వాత నిద్రపోయినట్టు కళ్లు మూసుకుంది.

మర్నాడు తెల్లవారగానే మంచు మీద జారకుండా పికప్ బండి చక్రాలకు గొలుసులు కట్టాను. మొదట ఓమా తలుపు కొట్టాను. ఓమా తలుపు సగం తీసింది.

"కోటేసుకో. క్లినిక్‌కు పోదాం. చెయ్యి తీసుకురా" అన్నాను.

"ఎవరిది?"

"నీదే."

"ఆర్విల్, నూట అరవై ఎనిమిదయ్యా నాది. ఆ పిల్లకు ఇంకా నష్టం."

"నువ్వు రాకపోయినా అంతే రాసుకుంటారు. రా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "ఇంత పొడుగు మాట నీ నోటివెంట వినలేదు" అని కోటు కోసం వెళ్లింది. మిగతా ఇళ్లలోనూ అట్లాగే అయింది. నేను చెప్పినదానికంటే, చెప్పింది నేనైనందుకే ఎక్కువమంది బయల్దేరారనుకుంటాను. ఒకావిడ జుట్టు ఉంగరాలు తిరగడానికి తలకు చుట్టిన రోలర్లు తియ్యకుండానే బండెక్కింది. నాలుగు విడతలు తోలాను.

ట్విలా ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టింది. పాదాలు నేల మీద, వీపు ఆనించి, చెయ్యి బల్ల మీద, ఐదు నిమిషాలు మాటలు లేకుండా. ఓమాకు ఆ ఐదు నిమిషాలే కష్టమయ్యాయి. పెదాలు కదులుతూనే ఉన్నాయి. పట్టీ బిగిసి, వదిలింది.

"నూట ముప్పై నాలుగు" అంది ట్విలా. "కింద ఎనభై."

"మళ్లీ చూడు. అది పాడయింది."

"పాడవలేదు పిన్నీ. మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటానని చెప్పానుగా. ఉప్పు మాంసం కూడా మానేశాను, ప్రాణం పోతోంది."

"మరి మళ్లీ ఒక్కసారి చూసుకోలేదా?"

"భయమేసింది" అంది ఓమా. "వెర్డీ చెయ్యి ఉండగా నాదెందుకులే అనుకున్నాను."

ట్విలా ఒక్క క్షణం అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామందిది అదే వరస. అక్టోబరులో ఒకసారి భయపడి, తర్వాత తమ చెయ్యి తాము నమ్మలేదు. అందరివీ దిగలేదు. రోలర్లావిడది నూట డెబ్బై, ట్విలా అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి మందు మార్పించింది. నాది నూట నలభై ఆరు. కాసేపాగి మళ్లీ చూస్తే నూట నలభై రెండు. "అదే ఉంటుంది, రాసుకో" అన్నాను. రాసుకుంది.

కొండ మీదినుంచి ఎండ క్లినిక్ కిటికీల్లోకొచ్చేసరికి ట్విలా కంప్యూటర్లో లెక్క చూసుకుంది. మళ్లీ చూసుకుంది. కుర్చీలో వెనక్కి వాలింది.

"సగం దాటాం" అంది. "ఎక్కువేం కాదు. దాటాం."

ఓమా చప్పట్లు కొట్టింది. వెంటనే అక్కకు ఫోన్ చెయ్యాలంది. అందరూ కోట్లు వేసుకోవడం మొదలుపెట్టారు.

"బర్ల్ పెదనాన్న రాలేదు" అంది ట్విలా.

"దాటామన్నావుగా పిల్లా. ఆయనదెట్లాగూ ఎక్కువే ఉంటుంది" అంది ఓమా.

"దాటాం పిన్నీ. ఆయన రాలేదు."

నేను తాళాలు తీసుకున్నాను.

లోయ కొసకు రోడ్డంతా గాజులాగ ఉంది. ఆఖరి మలుపు దగ్గర బండి ఆపి నడిచాను. బర్ల్ పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. మిషన్ పెట్టె బల్ల కింద ఎట్లా ఇచ్చిందో అట్లాగే ఉంది.

"ఎందుకొచ్చావో తెలుసు" అన్నాడు. "నాది చూస్తే మీ లెక్క చెడుతుంది. పో."

"చెడదు. నీది ఇప్పటికే చెడ్డదని రాసుకున్నారు."

"మరింకేం? నాతో పనేంటి?"

పొయ్యిలో కట్టె విరిగి పడింది. దాన్ని లోపలికి తోశాను.

"లెక్కకు నీతో పనిలేదు" అన్నాను. "ట్విలాకుంది. నువ్వొచ్చేదాకా ఇంటికి పోదు. మా అక్క సంగతి విన్నావుగా."

"విన్నాను." ఆక్సిజన్ గొట్టం సర్దుకున్నాడు. "ఎట్లా ఉంది వెర్డీ?"

"స్వెటరు సరిగ్గా మడవమని తిట్టింది."

"అయితే ఫరవాలేదు" అన్నాడు. కోటుకేసి చెయ్యి చూపించాడు.

కోటు తెచ్చి, ఒక చేతి తర్వాత ఒక చెయ్యి తొడిగాను. సిలిండరు నా భుజానికి తగిలించుకుని, ఇంకో చెయ్యి అతని చంక కింద వేసి, మంచు మీద మెల్లగా బండి దగ్గరికి నడిపించుకెళ్లాను.